పాపిడి

ధనకోటక్క ఫోను నా మొహానికి దగ్గరగా పెట్టింది.
వాళ్ల బాత్రూము కప్పు మీద
నానిన అప్పడం మాదిరి ఒక మచ్చ.
"ఇవి నీ నీళ్లే" అనింది.
నీళ్లకు ఇంటిపేరు ఉంటుందని
ఆ పొద్దే తెలిసింది నాకు.

మేస్త్రి చెంగల్రాయుడు వచ్చినాడు.
సుత్తి కొసతో నాలుగు చోట్ల తట్టి విన్నాడు.
మొత్తం పీకాల, ముప్పై వేలవుతుంది అన్నాడు.
టీ తాగి పోయినాడు, మళ్లీ ఫోనెత్తలా.
కొర్లగుంట హార్డ్‌వేర్ అంగట్లో పిల్లోడే చెప్పినాడు:
"టైల్సుకేం కాలేదక్కా,
సందులు పోయింటాయి."

పద్నాలుగేండ్లుగా కల్యాణకట్టలో కత్తి పట్టినదాన్ని.
తల తడిపి, మెడ వంచి,
నడినెత్తి నుంచి చెవి మీదికి
గాటు పడకుండా దిగే దారి
కళ్లు మూసినా నా మణికట్టుకు తెలుసు.
ఈ గోడ కూడా ఒక తలే అనుకున్నా.
పలకకూ పలకకూ మధ్య పాపిళ్లు,
ఒకప్పుడు తెల్లనివి,
బోరు నీళ్ల ఉప్పుకు పసుపెక్కి, నలుపెక్కి,
కొన్ని చోట్ల ఏమీ లేక.

మంగళవారం నాకు ఆఫ్.
హాక్సా బ్లేడు విరిచి, గుడ్డ చుట్టి,
గీకుతా కూచున్నా.
దుమ్ము పళ్ల మధ్య కరకరలాడింది.
కొళాయి కింద మూలలో
బ్లేడుకు ఏదో మెత్తగా తగిలింది.
పిన్నీసుతో లాగితే వెంట్రుకలు.
నావి కావు, నావి పొడుగు.
ఇవి పొట్టివి, రకరకాలవి:
ఒకటి ఉంగరం, ఒకటి గోరింటాకు ఎరుపు,
ఒకటి చంటిబిడ్డ పుట్టెంట్రుక అంత సన్నం.
డ్యూటీ దిగొచ్చి ఒళ్లు కడుక్కున్న ప్రతి రాత్రీ
నా కుచ్చిళ్లలోంచి, మోచేతుల మీంచి రాలినవి.
ఎవరి బిడ్డకు జొరం తగ్గినందుకో,
ఎవరి భూమి కేసు తేలినందుకో,
కొండ మీద అప్పగించిన మొక్కు
నాతోపాటు బస్సెక్కి దిగి
నా గోడ సందులో కాపురం పెట్టింది.
కొంచెం కొంచెంగా దారి చేసి
ధనకోటక్క ఇంటికి నీళ్లు పంపింది.

చెత్తలో వెయ్యబుద్ధి కాలా.
దండం పెట్టబుద్ధీ కాలా.
పేపర్లో చుట్టి కిటికీలో పెట్టినా.
ఇంకా అక్కడే ఉండాది.

మొదటిసారి కలిపిన గ్రౌటు
ఐస్‌క్రీం డబ్బాలోనే రాయైపోయింది.
రెండోసారి గుప్పెడు గుప్పెడే:
సంగటి కన్నా జారుగా, దోసెపిండి కన్నా గట్టిగా.
పాత హవాయి చెప్పు మడమ కోసి
దాంతో అదిమినా, ఏటవాలుగా.
సందు వెంబడే పోతే పూసింది లేచొస్తుంది.
పావుగంట ఆగి తడి స్పాంజి. మళ్లీ. మళ్లీ.
నా చేతిలో బోడి కావలసిన తలకు
ఈసారి పాపిడి తీస్తా ఉండా.

మూడు రోజులు తడి తగలగూడదు.
తువ్వాలు చంకన పెట్టుకుని నిలబడితే
ధనకోటక్క తలుపు తీసి
ఏమీ అడక్కుండా పక్కకు జరిగింది.
సబ్బు కూడా వాళ్లదే.
తలెత్తి చూసినా.
నా స్నానం అడుగు వైపు నుంచి ఎట్టుంటుందో
అదే మొదలు చూడ్డం.
అంచులు గోధుమ రంగు. మధ్యలో సున్నం పొక్కి
ఒక చుక్క తయారవుతా ఉంది,
పైన నేను లేకున్నా.
వచ్చి నా నడినెత్తినే పడింది.

నాలుగో రోజు సీలరు, సన్న బ్రష్షుతో, గీత గీతకూ.
ఆరినాక నీళ్లు చిలకరిస్తే
నూనె పూసిన గుండు మీద చెమట మాదిరి
చుక్కలు చుక్కలుగా నిలబడినాయి.
షవరు పక్కన ఒక గీత వంకర పోయింది. పోనీ.

"అక్కా, పోస్తా ఉండా!"
ఒక బకెట్టు.
కింద చప్పుడు లేదు.
"కారతా ఉందా?"
"ఉండు మే, పాత తడేదో కొత్త తడేదో తెలీలా.
ఇంకొకటి పొయ్యి."
పోసినా.
పైన నేను నేలకు చెవి ఆనించి,
కింద ఆమె కప్పుకు మొహం ఎత్తి.